శవాసనంలో ఉన్నవాణ్ణి లేపకూడదు

ముందుగా ఒక మాట. నా రాతలో తప్పులుంటాయి. కొన్నిచోట్ల ఒత్తులు పడవు, కొన్నిచోట్ల దీర్ఘాలు ఎక్కువవుతాయి. యాభై ఎనిమిదో ఏట పలక పట్టినదాన్ని. పూటకు పది వరుసలకన్నా సాగదు. చదివేవాళ్ళు విసుక్కోకండి. నేను చెబుతుంటే రాసిపెట్టేవాళ్ళు లేక కాదు. నా చేతిరాతతోనే కావాలని ఇస్త్రీ అక్క అంది. అలా అడిగే హక్కు ఆవిడకుంది. మా అమ్మాయి మాత్రం వద్దంది. "పోయిన నాన్న మీద బురద చల్లుతావా అమ్మా?" అని అడిగింది. అయినా రాస్తున్నాను.

మాది పెద్ద లాండ్రీ. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ దుప్పట్లు వ్యాన్లలో వస్తాయి. మా ఆయన బాయిలర్ చూసుకునేవాడు, ఉతికే డ్రమ్ము మీట కూడా ఆయన చేతిలోనే ఉండేది. అల్లుడు వ్యాను డ్రైవరు. నాది దుప్పట్లు మడతపెట్టే పని. నా వెనక బల్ల దగ్గర ఇస్త్రీ అక్క. ఆవిడ నాకు చుట్టం కాదు. పదకొండేళ్ళుగా వీపుకు వీపు ఆనించి పనిచేస్తే చుట్టరికం దానంతటదే పుడుతుంది.

ఆవిడ ఆ పనికి ఎలా వచ్చిందో చెప్పాలి. ఆవిడ భర్తను అందరూ పొడుగాయన అనేవాళ్ళు. మా ఆయనకు జంట. డ్రమ్ము చిల్లుల్లో దారాలు, గుండీలు ఇరుక్కుంటే పొడుగాయన లోపలికి దూరి తీసేవాడు. అప్పుడు మా ఆయన మీట దగ్గర కాపలా నిలబడాలి. మీట దగ్గర నుంచి డ్రమ్ము మూతి కనిపించదు. అందుకని లోపలికి దూరేటప్పుడు రెండుసార్లు తట్టాలి, బయటికి వచ్చాక ఒకసారి తట్టాలి. అది వాళ్ళిద్దరి కట్టుబాటు. ఒకరోజు పొడుగాయన లోపల ఉండగానే డ్రమ్ము తిరిగింది. విచారణ జరిగింది. వాడు ఒకసారి తట్టాడనీ, అది విన్నాకే మీట వేశాననీ మా ఆయన చెప్పాడు. బయటికి రాకుండానే తట్టాడని, తప్పు పోయినవాడిదేనని రాసుకుని వెళ్ళారు. అక్కకు దుప్పట్లు ఇస్త్రీ చేసే పని ఇచ్చారు.

ఆ తర్వాత మా లాండ్రీలో గోడ నిండా నియమాలు వెలిశాయి. ఒక మనిషి నియమం తప్పి పోయాడని మేమంతా నమ్మాం. అందుకని ఎవరు ఏ నియమం పెట్టినా మాకది గీసిన గీత. దాటే ప్రసక్తే లేదు.

ఇక ఆ వానాకాలం సంగతి. అప్పటికి అమ్మాయికి ఏడో నెల. నడుం నొప్పులతో రోజుకు నలుగురైదుగురు సెలవు పెడుతున్నారని యజమాని ఒక యోగా టీచరమ్మను కుదిర్చాడు. పొద్దున ఆరున్నర నుంచి ఏడున్నర దాకా ఆరబెట్టే హాల్లో క్లాసు. నేల మీద పరుచుకోవడానికి చిరుగులు పడిన దుప్పట్లు.

"నడుం నొప్పికి జీతం పెంచొచ్చు కదా, కాళ్ళు పైకెత్తమంటాడేంటి?" అంది అక్క.

"జీతం పెంచితే ఆయన నడుం విరుగుతుంది పెద్దమ్మా" అన్నాడు అల్లుడు.

టీచరమ్మ ఒకప్పుడు నర్సు. గొంతు మెత్తన. జరిగినదాంట్లో ఆవిడ తప్పు లేదు, అది ముందే చెబుతున్నాను. క్లాసు చివర పావుగంట శవాసనం వేయించేది. వెల్లకిలా పడుకుని, కళ్ళు మూసుకుని, ఒంటిని వదిలెయ్యాలి. "ఎవరికి ఎప్పుడు లేవాలనిపిస్తే అప్పుడు లేవండి. పక్కవాళ్ళను మాత్రం తాకి లేపకండి. లోపలికి వెళ్ళిన మనిషి ఉలిక్కిపడకూడదు" అనేది.

అక్క రెండో నిమిషానికే గురక పెట్టేది. నాకు పొయ్యి మీద వదిలొచ్చిన పాలు గుర్తొచ్చేవి. మా ఆయన మాత్రం కదిలేవాడు కాదు. అందరూ లేచి దుప్పట్లు దులుపుకున్నా ఆయన అలాగే పడుకుని ఉండేవాడు. మొదటి వారంలోనే చూశాను, మూసిన కళ్ళ చివర నుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. ఆవిరికి చెమట పట్టిందనుకున్నాను. అంత సులువుగా ఎందుకు అనుకున్నానో.

ఒకరోజు టీచరమ్మ కర్మ గురించి చెప్పింది. చేసింది ఊరికే పోదనీ, ఈ జన్మలో తీరకపోతే ఇంకో జన్మలో ఎదురొస్తుందనీ. అక్కకు నోట్లో నువ్వుగింజ నానదు కదా.

"అయితే టీచరమ్మా, మా ఆయన ఎక్కడ పుట్టుంటాడంటారు? ఏ జన్మలో ఏం చేశాడో, ఈ జన్మలో ఒళ్ళు తెలియకుండా బతికాడు, డ్రమ్ములో పడి పోయాడు."

హాలు చల్లబడింది. టీచరమ్మ అక్క వైపు తిరిగింది.

"నాకేం తెలుసమ్మా. రుణం ఉన్నచోటే పుడతారని మా గురువుగారు అనేవారు. ఇవ్వాల్సినవాళ్ళ ఇంట్లో బిడ్డగా వచ్చి రాబట్టుకుంటారట."

"అయితే నా ఇంటికి రాడు. నేను తిట్టిన తిట్లకి ఏ దేశం పారిపోయాడో" అని అక్క నవ్వింది. అందరూ నవ్వారు. మా ఆయన నవ్వలేదు. దుప్పటి మడత పెడుతున్నాడు. పెట్టిన మడతే విప్పి మళ్ళీ పెడుతున్నాడు.

వారం తిరక్కముందే ఇంట్లో ఆ సంగతి జరిగింది. భోజనాల దగ్గర అమ్మాయి కడుపు మీద చెయ్యి పెట్టుకుని, "నాన్నా, వీడి అల్లరి చూడు. రెండుసార్లు తంతాడు, ఆగుతాడు. మళ్ళీ రెండుసార్లు. లెక్క నేర్చుకుని పుట్టేట్టున్నాడు" అంది.

"మన బాయిలర్ మామయ్య మనవడు కదా, లెక్క తప్పడు" అన్నాడు అల్లుడు.

మా ఆయన కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు. ఆ రోజు నుంచి ఒంటిపూట భోజనం. రెండో పూట మజ్జిగ. నాలుగింటికే లేచి వెనక గదిలో కూర్చుని ఊపిరి బిగబట్టేవాడు. తలుపు సందులోంచి చూస్తే మెడ నరాలు తాళ్ళలా తేలి కనిపించేవి. నేను గుక్క తిప్పుకుని, మళ్ళీ తిప్పుకుని, మూడోసారి తిప్పుకున్నాక గానీ ఆయన వదిలేవాడు కాదు.

అమ్మాయి ఎదురుపడితే పక్కకు తప్పుకునేవాడు. కన్నకూతురికి దారి ఇచ్చినట్టు కాదు, ఎవరో పెద్దమనిషికి ఇచ్చినట్టు.

"ఏమైంది మీకు?" అని ఎన్నిసార్లు అడిగినా ఉలుకూ పలుకూ లేదు. చివరికి ఒక మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని బాయిలర్ గదిలోకి వెళ్ళి తలుపు గడియ పెట్టాను. బయట కుండపోత. చెప్పేదాకా కదలనన్నాను. ఆయన గేజీ వైపు చూస్తూ చెప్పాడు.

"ఆ రోజు వాడు డ్రమ్ములోకి దూరేటప్పుడు రెండుసార్లు తట్టాడు. ఐదు నిమిషాలు ఇక్కడే ఉండన్నా, చచ్చి నీ కడుపున పుడతా అన్నాడు, నవ్వుతూ. బాయిలర్ ఈల వేసింది. వెళ్ళి చూసి వచ్చాను. వచ్చేసరికి చప్పుడు లేదు. టీకి పోయాడనుకుని మీట వేశాను."

"ఒకసారి తట్టాడని చెప్పారుగా."

"తట్టలేదు."

నా చేతిలో క్యారేజీ అలాగే ఉంది. కింద పెట్టాలని కూడా తోచలేదు.

"భయపడ్డానే. అప్పుడు అమ్మాయికి పదమూడేళ్ళు. నేను జైలుకు పోతే మీరిద్దరూ ఏమవుతారని... నోట్లోంచి ఆ మాట వచ్చేసింది. వచ్చిన మాటను వెనక్కి తీసుకోలేకపోయాను." ఆయన గొంతు తగ్గించాడు. "వాడే వస్తున్నాడు. ప్రాణానికి ప్రాణం అడుగుతాడు. నన్ను అడిగితే భయం లేదు. అమ్మాయిని అడుగుతాడేమో."

"పిచ్చి మాటలు మాట్లాడకండి."

"డాక్టరు బిడ్డ అడ్డం తిరిగిందని అన్లేదూ? ఆ రుణం ముందే కరిగించుకోవాలి. నా ఒంట్లోంచే పోవాలి."

నాకు చదువు లేదు గానీ ఒకటి మాత్రం తోచింది, అదే అన్నాను. "పుట్టని బిడ్డకి కాదండీ మీరు ఇవ్వాల్సింది. ఆవిడ పది అడుగుల దూరంలో ఇస్త్రీ చేస్తోంది. వెళ్ళి చెప్పండి."

"చెబుతాను. కాన్పు కానీ."

కాన్పు కానీ. ఆ మాట నాకూ సబబుగానే అనిపించింది. నిండు నెలల పిల్ల, రచ్చ ఎందుకు, పోలీసులు ఎందుకు అనుకున్నాను. అక్కడే నేను కూడా ఆయన అబద్ధంలో పాలు పంచుకున్నాను.

తర్వాత ఆరు వారాలు. దుప్పటి మడత పెట్టడానికి ఇద్దరు కావాలి. చెరో కొస పట్టుకుని, దులిపి, ఎదురెదురు నడిచి కొసలు కలపాలి. పొడవాటి దుప్పట్లకు అక్కే వచ్చి పట్టుకునేది. నడిచి వచ్చి, ముఖంలో ముఖం పెట్టి కొసలు నా చేతిలో పెట్టేది. రోజుకు ఇరవై ముప్పైసార్లు. ప్రతిసారీ చెప్పేద్దామనుకునేదాన్ని. ప్రతిసారీ ఆవిడే ముందు ఏదో ఒకటి అనేది.

"ఏమే, మొహం అలా వేలాడేశావు? అమ్మమ్మవి అవుతున్నానని ముసలితనం ముందే తెచ్చుకున్నావా?"

"నిద్ర లేదక్కా."

"నీకేమే, చెట్టంత మొగుడున్నాడు. నా మొగుడు చెట్టుకన్నా పొడుగే, ఏం లాభం? ఒక్క రవ్వ జాగ్రత్త ఉంటే ఈ పాటికి నేనూ కాళ్ళు చాపుకుని కూర్చునేదాన్ని. ఇద్దరు పిల్లల్ని నా నెత్తిన పడేసి పోయాడు, ఒళ్ళు తెలియని మనిషి."

ఇస్త్రీ పెట్టె ఠపీమని ఆనించేది. పదకొండేళ్ళుగా విన్న తిట్టే అది. ఆ ఆరు వారాలూ దాన్ని వింటుంటే మాత్రం మడత కొసలు కలిసేవి కావు.

టీచరమ్మ ఒకసారి నన్ను పక్కకు పిలిచింది. "మీవారి రంగు బాగాలేదమ్మా. ఊపిరి బిగబట్టడం నేను లేకుండా చెయ్యొద్దన్నాను. తిండి మానెయ్యమని నేను ఎప్పుడూ చెప్పలేదు. ఒకసారి గుండె చూపించండి."

ఆయనకు చెప్పాను. ఎడమ చెయ్యి లాగుతోందని అప్పటికే రెండుసార్లు అన్నాడు.

"నొప్పి వస్తే మంచిదే. కరుగుతోందన్నమాట" అన్నాడు. ఆ ముఖంలో ఒక వెలుగు. ఇన్నేళ్ళ కాపురంలో నేను ఎన్నడూ ఎరగని వెలుగు. దాన్ని చూసి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

బిడ్డ తిరగలేదు. ఆపరేషన్‌కు రోజు పెట్టారు. ముందు రోజే అమ్మాయిని ఆసుపత్రిలో చేర్చి, అల్లుడు అక్కడే ఉన్నాడు. పది గంటలకు ఆపరేషన్. ఎనిమిదికి ఇంకో డ్రైవరు కుర్రాడు వ్యానులో నన్నూ ఆయన్నూ తీసుకెళ్ళాలని మాట. ఆయన క్లాసు మానడు కాబట్టి ఇద్దరం లాండ్రీకే వెళ్ళాం.

మెట్ల దగ్గర ఆపాను. "ఇవాళ అయిపోతుంది కాన్పు. సాయంత్రం మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

"సాయంత్రం దాకా ఎందుకు? క్లాసు కాగానే చెబుతాను."

"నా మీద ఒట్టు?"

"నీ మీద ఒట్టు." తల మీద చెయ్యి పెట్టాడు. అరచెయ్యి చల్లగా, చెమటగా ఉంది.

క్లాసు అయింది. శవాసనం వేశాం. పావుగంటకు ఒక్కొక్కరే లేచారు. ఆయన లేవలేదు. అది రోజూ ఉన్నదే. టీచరమ్మ దగ్గరికి వచ్చి చూసి, "ఇవాళ బాగా లోతుకు వెళ్ళినట్టున్నారు. మనవడు వచ్చే రోజు కదా, ఉండనివ్వండి" అని నవ్వి, ఇంకో చోట క్లాసు ఉందని వెళ్ళిపోయింది.

పని గంట మోగింది. హాల్లో తీగలకు దుప్పట్లు వేస్తున్నారు. తడి దుప్పట్లు మోసుకొచ్చేవాళ్ళు ఆయన్ను చుట్టి నడుస్తున్నారు. నీటి బొట్లు మీద పడకుండా ఒకడు తట్ట ఎత్తి పట్టుకుని మరీ దాటాడు. ఎవరూ తాకలేదు. ఎవరూ పిలవలేదు. లేపకూడదు కదా, నియమం.

నేను నా బల్ల దగ్గర నుంచి చూస్తున్నాను. నిజం చెప్పాలి, నాకు కోపం వచ్చింది. ఒట్టు తప్పించుకోవడానికి దొంగనిద్ర పోతున్నాడనుకున్నాను. పడుకో, ఎంతసేపు పడుకుంటావో చూస్తాను, లేవక ఎక్కడికి పోతావు అనుకున్నాను. వ్యాను వచ్చేసింది, డ్రైవరు కుర్రాడు హారన్ కొట్టాడు. అయినా వెళ్ళలేదు. మొండితనానికి మొండితనం. చిన్న దుప్పట్లు పద్దెనిమిది మడత పెట్టాను. లెక్క గుర్తుంది.

అప్పుడు అక్క వెళ్ళింది. పాత దుప్పట్లన్నీ తీసి దొంతర పెట్టడం ఆవిడ పని. ఆయన కింద ఉన్నది ఒక్కటే మిగిలింది.

"బావగారూ, దుప్పటి ఇస్తారా, మీతో కలిపి ఇస్త్రీ చేసెయ్యమంటారా?"

నలుగురు నవ్వారు. అక్క వంగింది. ఇస్త్రీ పెట్టె వేడి చూసినట్టు చేతి వెనక భాగం ఆయన పాదానికి ఆనించింది. వేడి చూసేటప్పుడు ఆవిడ చెయ్యి రెప్పపాటులో వెనక్కి వచ్చేస్తుంది. ఆ రోజు రాలేదు. అలాగే ఉంచి, తల తిప్పి నా వైపు చూసింది.

"చెల్లీ" అంది. అంతే.

పదీ నలభైకి అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. అల్లుడు ఫోన్ చేసి చెప్పినప్పుడు ఆయన ఇంకా ఆ దుప్పటి మీదే ఉన్నాడు. గుండె ఆగి చాలాసేపైందని లాండ్రీకి వచ్చి చూసిన డాక్టరు చెప్పాడు. ఎంతసేపని నేను అడగలేదు. పద్దెనిమిది దుప్పట్ల సేపట్లో ఎన్నో దుప్పటి దగ్గర పోయాడో నాకు తెలియాలని లేదు.

చూడవచ్చినవాళ్ళంతా ఒకటే మాట. "తాత పోయిన పూటే పుట్టింది. ఆయనే తిరిగొచ్చాడు." ఆయన లెక్క ప్రకారమైతే వచ్చింది ఆయన కాదు. ప్రాణం ఇచ్చాడు, కూతురు దక్కింది. లెక్క కుదిరినట్టే కనిపించింది. అదే నన్ను భయపెట్టింది. ఇక ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు, అంతా పైనే తీరిపోయింది అని నా మనసు రోజూ నాకు చెప్పేది. పసిదాన్ని ఒళ్ళో వేసుకుంటే అది నా ముఖం వైపు కన్నార్పకుండా చూసేది. పసిపిల్లలందరూ అలాగే చూస్తారు. నాకూ తెలుసు.

ఆ పదిహేను రోజులూ అక్క మా ఇంట్లోనే ఉంది. వండింది, బాలింతకు వేణ్ణీళ్ళు కాచింది, పసిదాని బట్టలు ఉతికి ఇస్త్రీ కూడా చేసింది. వేలెడంత చొక్కాలు, వాటికి కూడా చేతుల మడత పెట్టేది. ఒక మధ్యాహ్నం అలా చేస్తూనే అంది.

"నీ మొగుడు పుణ్యాత్ముడే. పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడు, ఎవర్నీ కష్టపెట్టలేదు. నా మొగుడూ ఉన్నాడు. తన చేత్తో తనే తట్టి మరీ చచ్చాడు. పోయిన రోజున కూడా నాకు ఏడుపు రాలేదే, తెలుసా? కోపమే వచ్చింది. ఇప్పటికీ కోపమే."

నేను పసిదాన్ని పక్క మీద పడుకోబెట్టాను. "ఆయన తట్టలేదక్కా" అన్నాను.

"ఏంటి?"

చెప్పాను. బాయిలర్ ఈల వేయడం, మా ఆయన అటు వెళ్ళడం, తిరిగొచ్చి మీట వేయడం, విచారణలో ఆడిన అబద్ధం. బాయిలర్ గదిలో నాతో అన్న మాటలు. ఏదీ దాచలేదు.

అక్క ఇస్త్రీ పెట్టెను మడమ మీద నిలబెట్టింది. స్విచ్చి తీసింది. ఆ వేలెడు చొక్కానే అరచేత్తో సాపు చేస్తూ కూర్చుంది.

"పదకొండేళ్ళు తిట్టాను ఆయన్ని" అంది. "పిల్లల చేత కూడా తిట్టించాను."

నేను ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నాను. ఆవిడ కాళ్ళు వెనక్కి తీసుకుంది.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"రెండు నెలలవుతోంది."

"నాతో దుప్పట్లు మడత పెట్టావు, రెండు నెలలు."

"పెట్టానక్కా."

"రాసివ్వు. ఇంకొకరి చేత కాదు, నీ చేత్తో. అక్షరం రాకపోతే నేర్చుకుని రాయి. నా పిల్లలకు చూపించాలి. వాళ్ళ నాన్న ఒళ్ళు తెలిసిన మనిషేనని."

"రాస్తానక్కా. ఇక మా ఆయన మీద కోపం పెట్టుకోకు, ఆయన తన ప్రాణంతో తీర్చుకున్నాడు. మిగిలింది ఏ జన్మలోనైనా నేను..."

అక్క చెయ్యెత్తి ఆపింది. చెప్పులు వేసుకుంది. గుమ్మంలో ఆగి, నన్ను కాదు, పక్క మీద ఉన్న పసిదాన్ని చూసి అంది.

"అదేం వద్దు. ఏదున్నా ఈ జన్మలోనే తేల్చు. వచ్చే జన్మలో మీ మొహాలు చూడాలని నాకు లేదు."

రాసింది: లాండ్రీలో అందరూ మడతలమ్మ అని పిలిచే నేను. వయసు అరవై ఒకటి. అమ్మాయీ అల్లుడూ పిల్లను తీసుకుని వేరే ఊరు వెళ్ళారు. నేను ఉండేది లాండ్రీ వెనక వీధిలో, రెండో అంతస్తు, ఒంటి గది.